కొయ్య ఎవరిది?

ముడి జారిందట.

ఆ ముక్క చదివేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితంలో తేదీ సరిగ్గానే ఉంది, గాలి వేగం సరిగ్గానే ఉంది, పడవ పొడవు అంగుళాలతో సహా సరిగ్గానే ఉంది. ఒక్క అబద్ధం చుట్టూ పది నిజాలు పేర్చడం మా మేనేజరుకు వెన్నతో పెట్టిన విద్య. "ప్రమాదానికి కారణం" అన్న గడిలో మాత్రం, "కొయ్య కట్టే వ్యక్తి వేసిన ముడి జారింది" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఈ పడవల యార్డులో కొయ్య కట్టే వ్యక్తిని నేనొక్కదాన్నే. కింద సంతకానికి చుక్కల గీత గీసి, కాగితం నా వైపు జరిపి, పెన్ను మూత కూడా తనే తీసి పెట్టాడు.

"ఐదు నిమిషాల పనమ్మా," అన్నాడు.

ఆయనకు లోకంలో ప్రతి పనీ ఐదు నిమిషాల పనే. పడవ అడుగున నాచు గీకడం ఐదు నిమిషాలు, చుక్కాని మార్చడం ఐదు నిమిషాలు. అందుకే ఆయన వెనకాల అందరం "ఐదునిమిషాలు" అనే అంటాం. నా వెనకాల నన్ను "చిటపట" అంటారు. అననీ. పద్దెనిమిదేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాను. నోరు జారిన రోజులు లెక్కపెట్టలేను గానీ, నేను కట్టిన ముడి జారిన రోజు ఒక్కటి చూపించమనండి.

ఆ కాగితం ఓడరేవు ఆఫీసుకు వెళ్తుంది. ముడి జారిందని నేనే ఒప్పుకుని సంతకం పెడితే నా పాసు రద్దు చేస్తారు. ఆ పాసు లేకుండా ఏ యార్డులోనూ కొయ్య ముట్టుకోనివ్వరు. అంటే ఆయన పెన్ను మూత తీసి నా ముందు పెట్టింది సంతకానికి కాదు, నా చేతులు నరికిచ్చెయ్యమని.

అసలు కొయ్య అంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. పడవ మధ్యలో నిలబడే తెరచాప స్తంభం. ఇప్పుడెవరూ చెక్కతో చెయ్యరు, అంతా అల్యూమినియం గొట్టమే. అయినా మా నాన్న కొయ్య అన్నాడు, మేమూ కొయ్యే అంటున్నాం. ఐదంతస్తుల ఎత్తున్న ఆ గొట్టం దానంతటది నిలబడదు. ముందొక ఉక్కు తీగ, వెనకొక తీగ, పక్కలకు చెరొకటి లాగిపట్టుకుంటే నిలబడుతుంది.

పడవను నీళ్ళలోంచి బయటికి తీయాలంటే లిఫ్టు కావాలి. లిఫ్టంటే మేడలెక్కే పెట్టె కాదు. నాలుగు చక్రాల మీద నడిచే పసుపుపచ్చ ఉక్కు చట్రం, రెండంతస్తుల ఇల్లు దాని మధ్యలో పట్టేస్తుంది. పడవ కిందుగా రెండు వెడల్పాటి బెల్టులు పోనిచ్చి, పైకెత్తి, అలాగే మోసుకుంటూ నేల మీదికి నడుస్తుంది. దాన్ని నడిపేది మా అన్నయ్య. మెడలో మీటల పెట్టె వేలాడేసుకుని పక్కనే నడుస్తూ, ఇంత పడవనీ నిద్రపోతున్న పిల్లను పడుకోబెట్టినట్టు దించుతాడు. ఆ పనిలో అన్నయ్యను మించినవాడు లేడు. ఈ మాట కూడా కోపంగానే చెబుతున్నాను.

చిక్కంతా చట్రం పైన ఒక కొసన అడ్డంగా ఉన్న దూలంతో. పడవ లేస్తుంటే కొయ్య వెనక తీగ ఆ దూలానికి తగులుతుంది. కాబట్టి ఎత్తేముందు ఆ తీగ విప్పాలి. తీగ విప్పితే కొయ్యకు వెనక దిక్కుండదు. అందుకని ముందుగానే కొయ్య కొస నుంచి రెండు తాళ్ళు దించి, పడవ అంచుల మీదున్న ఇనప కొమ్ములకు, అటొకటి ఇటొకటి, బిగించి కట్టాలి. అది నా పని. పావుగంట పడుతుంది. ఐదు నిమిషాలు పట్టదు.

ఇందులో మా నాన్న పెట్టిన నియమాలు రెండున్నాయి. మొదటిది, పడవ కొయ్యను పడవకే కట్టాలి. "లేచేదాన్ని తీసుకెళ్ళి లేవనిదానికి కట్టకండర్రా," అనేవాడు. రెండోది ఏ పుస్తకంలోనూ రాసి లేదు, మా యార్డులో తప్ప ఎక్కడా లేదు. మీట నొక్కేముందు లిఫ్టు నడిపేవాళ్ళు గొంతెత్తి అడగాలి: "కొయ్య ఎవరిది?" కొయ్య కట్టినవాళ్ళు పడవ మీద నుంచి "నాది!" అని పలకాలి. జవాబు రాకపోతే లిఫ్టు కదలకూడదు. పక్క యార్డువాళ్ళు విని నవ్వుతారు, వేలంపాట పాడుతున్నారా అంటారు. నాన్న పోయి తొమ్మిదేళ్ళైనా అన్నయ్య అడగడం మానలేదు, నేను పలకడం మానలేదు.

ఆ రోజు పొద్దున అన్నయ్య నా జవాబు లేకుండానే పడవ ఎత్తాడు.

రెండు రోజుల్లో తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు. తొమ్మిది పడవలు వరస కట్టాయి. మూడోది లెక్కల టీచరుది. ఆవిడ రిటైరయ్యాక ఆ పడవ కొనుక్కుని పదకొండేళ్ళుగా ఒక్కర్తే నడుపుకుంటోంది. ప్రతి ఏడూ యార్డుకు రాగానే ఒకటే మాట: "నా కొయ్య ఆ అమ్మాయి తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు." ఆ మాట వినడానికే నేను ఏడాదంతా ఎదురుచూస్తానని ఆవిడకు తెలియదు.

ఎడమ వైపు తాడు కట్టేశాను. కుడి వైపు తాడు చేతిలో ఉంది. గట్టు మీద ఐదునిమిషాలు చెయ్యి ఎత్తి గడియారం చూపిస్తున్నాడు.

"ఎంతసేపమ్మా? ఇంకా ఆరున్నాయి క్యూలో. ఆ దూలం నెత్తి మీదే ఉంది కదా, దానికి కట్టి పడెయ్. ఉక్కు దూలం, ఏనుగును వేలాడదీసినా కదలదు."

"అదే సార్ బాధ. దూలం కదలదు, పడవ కదుల్తుంది."

"నాకు పాఠాలు చెప్పకు."

"చెప్పక తప్పదు సార్. పడవ మూడు మీటర్లు లేస్తుంది. దూలం లేవదు. తాడు సాగదు. ఇక మిగిలింది కొయ్యే."

ఆయన నా వైపు చూడటం మానేసి అన్నయ్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా. వచ్చే నెల నుంచి సూపర్వైజరువి నువ్వే కదా. ఇలాంటప్పుడే తెలిసేది ఎవరేంటో."

అన్నయ్య నన్ను చూశాడు, దూలాన్ని చూశాడు, మెడలోని పెట్టెను చూసుకున్నాడు. మా నాన్న కొడుకు. ఆ నియమం నాకంటే నాలుగేళ్ళు ముందు నేర్చుకున్నవాడు. "ఈ ఒక్కదానికీ అలా కానిద్దాంలే," అన్నాడు. "కొంచెం వదులుగా కడితే సరిపోతుంది."

ఆ మాట మేనేజరు అంటే నవ్వేదాన్ని. అన్నయ్య అన్నాడు. గోడ మీది పిల్లిని చూశాను గానీ, పడుతూ పడుతూ చెల్లెలి నెత్తి మీద పడే పిల్లిని అప్పుడే చూశాను. చేతిలోని తాడు విసిరికొట్టాను.

"అయితే మీరే కట్టుకోండి, సూపర్వైజరుగారూ!" అని నిచ్చెన దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాను.

రంగు డబ్బాల కొట్టు వెనక టీ మిషను ఉంది. గ్లాసులో టీ సగం అయ్యేలోపు లిఫ్టు మోటారు గుర్రుమనడం వినిపించింది. ఆ తర్వాత తాడు మూలిగింది. తాడు మూలిగితే ఎలా ఉంటుందో వినని అదృష్టవంతులకు చెప్పలేను. మూలుగు సన్నబడి, సన్నబడి, ఫట్‌మని పగిలింది. తాడు కాదు, కొయ్య. నేను పరిగెత్తుకొచ్చేసరికి సగానికి విరిగిన పైభాగం వంగి, తీగల్ని ఈడ్చుకుంటూ పడవ ఎడమ అంచు మీద పడి ఉంది. పది నిమిషాల ముందు నేను గొంతుక్కూచుని ముడి వేసిన చోటు అదే.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. గట్టు మీద టీచరు, తాళ్ళు కట్టే ఇనప దిమ్మె మీద కూలబడి ఉంది. ఏడవలేదు, అరవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకుంటోంది. అన్నయ్య మీటల పెట్టె పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తాడు కొస దూలానికి కట్టింది కట్టినట్టే ఉంది. ఎడమ అంచున నా ముడి వేసింది వేసినట్టే ఉంది. ఒక్క ముడీ జారలేదు.

ఇక ఆ మధ్యాహ్నం ఆఫీసులో ఈ కాగితం.

"నేను దూలానికి కట్టలేదు," అన్నాను. "కట్టొద్దన్నాను. అన్నయ్యా, చెప్పు."

అన్నయ్య కిటికీ దగ్గర టోపీ చేత్తో నలుపుతూ నీళ్ళ వైపు చూస్తున్నాడు. నీళ్ళలో ఏముందని? ఎప్పుడూ ఉండే నీళ్ళే.

"పెట్టెయ్ అమ్మాయ్," అన్నాడు, నా వైపు తిరక్కుండానే. "ఏడాదిలో పాసు మళ్ళీ ఇస్తారంట. నేను చూసుకుంటా."

నన్ను చూసుకుంటాడట! తలకాయ తిప్పి ముఖం చూడటానికే చేతకానివాడు. నేను పెన్ను మూత పెట్టేసి, కాగితం మడిచి జేబులో కుక్కుకుని బయటికి వచ్చేశాను. "రేపు పొద్దునకల్లా నా బల్ల మీద ఉండాలి," అని ఐదునిమిషాలు వెనక నుంచి అరిచాడు.

మేము ఒకే ఇంట్లో ఉంటాం. పై వాటా అన్నయ్యావాళ్ళది, కింది వాటా నాది. సాయంత్రం అన్నయ్య మెట్లెక్కిన చప్పుడైంది. నా తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పైకి వెళ్ళింది ఆ చప్పుడు. కాసేపటికి వదిన దిగింది, ఆరిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని. వాటిలో నావి రెండే ఉన్నాయి. మిగతావి ఎందుకు తెచ్చిందో ఇద్దరికీ తెలుసు, చేతులకు పని ఉంటే మాట తేలిగ్గా వస్తుంది.

"మీ అన్నయ్య అన్నం ముందు కూచుని లేచిపోయాడు," అంది ఒక చొక్కా మడతపెడుతూ.

"ఆకలి లేదేమో. అబద్ధాలతో కడుపు నిండిందేమో."

"నువ్వెన్ని అన్నా పడతాను. కానీ ఒక్కసారి ఆలోచించు. ఆయనకి ఇద్దరు పిల్లలు. ఆ సూపర్వైజరు పని కోసం ఎన్నేళ్ళు చూశాడో నీకు తెలుసు. నువ్వు ఒక్కదానివి. ఏ పని చేసుకున్నా గడిచిపోతుంది."

"ఒక్కదాన్ని కాబట్టి నా చేతులు చవకా వదినా?"

"నేనలా అన్నానా?"

"అన్నావు. ఇంకోలా అన్నావు, అంతే."

వదిన మడత ఆపింది. మా వదిన మంచిది. నేను మొగుణ్ణి వదిలేసి ఒక్క పెట్టెతో వచ్చిన రోజు, ఎందుకొచ్చావని అడగకుండా పక్క వేసిన మనిషి. అందుకే ఆ మాట ఇంకా మండింది. ఎవరో అంటే గోడకేసి కొట్టొచ్చు, వదిన అంటే ఎక్కడికేసి కొట్టను?

"ముడి జారిందని ఎలా పెట్టమంటావు సంతకం?" అన్నాను. "నీ వంట బాలేదంటే ఊరుకుంటావు. నువ్వు పిల్లలకి విషం పెట్టావని రాసి సంతకం పెట్టమంటే పెడతావా?"

వదిన బుట్ట ఎత్తుకుని, నా రెండు బట్టలూ కూడా పొరపాటున అందులోనే పెట్టుకుని పైకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి పైన ఎవరో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు. నడవనీ, అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే యార్డుకు వెళ్ళాను. కాగితం బల్ల మీద పెట్టడానికి కాదు, బల్ల మీద కొట్టడానికి. దారిలో ఏమేం అనాలో అన్నీ కూర్చుకున్నాను. మేనేజరుకు నాలుగు, అన్నయ్యకు పద్నాలుగు. కానీ టీచరు నాకంటే ముందే వచ్చి తన పడవ మీద ఉంది. పడవను నిన్ననే, దూలానికున్న తాడు కోసేసి, అదే లిఫ్టుతో నేల మీదికి తెచ్చి చెక్క దిమ్మెల మీద నిలబెట్టారు. విరిగిన కొయ్య ఇంకా దాని మీదే పడి ఉంది. నన్ను చూసి రమ్మని చెయ్యి ఊపింది.

నిచ్చెనెక్కాను. ఆవిడ ఎడమ అంచున నా ముడి మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివినట్టు తడిమి చూసింది. తర్వాత తల పైకెత్తి, దూరంగా నిలబడి ఉన్న పెద్ద లిఫ్టు వైపు చూసింది. దూలం నుంచి కోసేసిన తాడు ముక్క ఇంకా వేలాడుతోంది, ముడితో సహా.

"మీ మేనేజరు ఫోన్ చేశాడు, ముడి జారిందని. రెండు ముళ్ళూ ఉన్నాయే. మరి జారిందేది?"

"ఏదీ జారలేదు టీచర్! జారి ఉంటే మీ కొయ్య బతికేది. జారకపోవడం వల్లే విరిగింది."

"ఎంత వదులుగా కట్టారు?"

"మీటరు ఉంటుందేమో."

"పడవ మూడు లేచింది. వదులు ఒకటి. మిగతా రెండు ఎక్కణ్ణించి వస్తాయనుకున్నారు?" అంది. నలభై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దిన గొంతు అది, కోపం కూడా పెద్దగా లేదు. "ఏడో తరగతి పిల్లాడు చెప్తాడు."

"నేను చెప్పాను టీచర్. ఇదే లెక్క, ఇవే అంకెలు. వినలేదు."

నాకు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. ఒక్క మనిషైనా ముడి చూసి మాట్లాడింది. జేబులోంచి కాగితం తీసి చూపించాను. అన్నయ్య పేరూ మేనేజరు పేరూ చెప్పి, ఎవరేమన్నారో అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాను. ఆవిడ అంతా విని, కాగితం మడిచి నా చేతికి తిరిగి ఇచ్చింది.

"మరి మీ అన్నయ్య పిలిచాడు కదా," అంది. "కొయ్య ఎవరిది అని. పదకొండేళ్ళుగా వింటున్నాను ఆ కేక. నిన్న నేను గట్టు మీదే ఉన్నాను. రెండుసార్లు పిలిచాడు. నువ్వు దూరంగా ఉన్నావా? వినపడలేదా?"

మీకు ఇందాక చెప్పని సంగతి ఇదే. అన్నయ్య నా జవాబు లేకుండా ఎత్తాడని చెప్పాను. అది నిజం. అడక్కుండా ఎత్తాడని చెప్పలేదు, చూడండి. ఒక్క అబద్ధం చుట్టూ పది నిజాలు పేర్చడం మేనేజరుకొక్కడికే వచ్చనుకున్నారా?

టీచరు నాకు తలుపు తెరిచి పెట్టింది. "వినపడలేదు టీచర్," అంటే అయిపోయేది. టీ మిషను చప్పుడు, రంగు కొట్టు గోడ, ఏదో ఒకటి. ఆవిడ నమ్మేది. నమ్మాలనే అడిగింది.

వినపడింది. మొదటి పిలుపు మామూలుగానే వచ్చింది, "కొయ్య ఎవరిది?" అని. టీ గ్లాసు పట్టుకుని పళ్ళు బిగించాను. పిలవనీ అనుకున్నాను, సూపర్వైజరుగారికి ఇప్పుడు తెలిసొస్తుంది అనుకున్నాను. కాసేపు ఆగి రెండోసారి పిలిచాడు. ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు ఈతకు వెళ్ళి లోతులోకి వెళ్ళినప్పుడు, పైకి బింకంగా ఉంటూనే లోపల నన్ను రమ్మని పిలిచేవాడే, అదే గొంతు. "నాది" అని ఉంటే పరిగెత్తుకొచ్చి దూలానికి కట్టిన ఆ తాడు విప్పేదాన్ని. "నాది కాదు, ఆగు!" అన్నా చాలు, మీట మీద చెయ్యి తీసేసేవాడు. ఏదన్నా అనుంటే చాలు. ఇరవై అడుగుల దూరంలో నిలబడి నేను టీ ఊదుకున్నాను. మేనేజరు మీది కోపం, అన్నయ్య మీది కోపం, అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు టీచరు కొయ్య మీద చూపించాను.

"వినపడింది టీచర్," అన్నాను. "పలకలేదు."

ఆవిడ కళ్ళజోడు తీసింది, తుడవలేదు.

"నేను నా కొయ్య మీ మేనేజరు చేతికివ్వలేదు," అంది చివరికి. "మీ అన్నయ్య చేతికీ ఇవ్వలేదు. నీ చేతికిచ్చానమ్మాయ్."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి. ఆవిడ నిచ్చెన వైపు వెళ్ళి, ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దిగింది. నాకు మొట్టమొదటిసారి నా మీద నాకే ఒళ్ళు మండింది. ఎంత మండిందంటే, దారిలో కూర్చుకున్న ఆ పద్దెనిమిది మాటల్లో ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆఫీసుకు వెళ్ళాను. ఐదునిమిషాలు ఫోనులో ఉన్నాడు. ఆయన బల్ల మీది పెన్నే తీసుకుని, "ముడి జారింది" మీద అడ్డంగా గీత కొట్టి కింద రాశాను. గడి చాలలేదు, కాగితం వెనక్కి తిప్పి రాశాను. ముడి జారలేదు. కుడి తాడు లిఫ్టు దూలానికి కట్టారు. కట్టమన్నది మేనేజరు. కట్టింది మా అన్నయ్య. వద్దన్నది నేను. వద్దని చెప్పి, పని మధ్యలో వదిలేసి పడవ దిగిపోయింది కూడా నేనే. లిఫ్టు ఎత్తేముందు కొయ్య ఎవరిదని రెండుసార్లు అడిగారు. విన్నాను, పలకలేదు. పలికి ఉంటే కొయ్య విరిగేది కాదు. అలా రాసి సంతకం పెట్టాను. బల్ల మీదున్న తెల్ల కాగితం ఇంకొకటి లాక్కుని, అదే మళ్ళీ మొత్తం రాసి దాని మీదా సంతకం పెట్టాను.

ఆయన ఫోను పెట్టేసి చదివాడు. ముఖం ఎర్రబడింది.

"ఇది కథలు రాసే కాగితం కాదమ్మా. దీన్ని చించి పారేస్తా."

"పారెయ్యండి సార్. రెండోది టీచరుకిస్తున్నా. ఆవిడే ఓడరేవు ఆఫీసులో ఇస్తుంది, మార్కులేసి మరీ ఇస్తుంది."

"నీ పాసు పోతుంది తెలుసా? నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు ఇక్కడ."

"పోతే నేను చేసినదానికి పోతుంది. చెయ్యనిదానికి పోదు."

అప్పుడే అన్నయ్య తలుపు తోసుకుని వచ్చాడు, నాలుగో పడవ తాళాల కోసం. కళ్ళు రాత్రంతా నడిచిన కళ్ళలా ఉన్నాయి. రెండో కాగితం తీసి అతని చేతిలో పెట్టాను. నిలబడే చదివాడు. చివరి వాక్యాల దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"విన్నావా?" అన్నాడు.

"విన్నాను."

"నీకు వినపడలేదనుకున్నా. అందుకే ఎత్తేశా." తల అడ్డంగా ఊపాడు. "కాదు. పలకవని తెలుసు. తెలిసే ఎత్తా."

ఆ క్షణంలో అన్నయ్యను కొట్టాలనిపించింది. కావలించుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. అన్నయ్య బల్ల మీదికి వంగి, రెండు కాగితాల మీదా నా సంతకం కిందే రాశాడు: దూలానికి కట్టింది నేను. కట్టకూడదని తెలిసే కట్టాను. జవాబు రాకుండా ఎత్తింది నేను. అన్నయ్య చేతిరాత ఎప్పుడూ కోడి గీకినట్టు ఉంటుంది, ఆ రోజు మాత్రం ఎవరైనా చదివేలా రాశాడు. ఐదునిమిషాలు ఒకసారి నన్నూ ఒకసారి అన్నయ్యనూ చూసి, "సూపర్వైజరు పని సంగతి మర్చిపో," అన్నాడు. అన్నయ్య తలూపి, మేకుకున్న తాళాలు తీసుకున్నాడు.

బయట పడవల హారన్లు మోగుతున్నాయి. ఇంకా ఆరు పడవలు నీళ్ళలోనే ఉన్నాయి, ఆకాశం దక్షిణం వైపు నుంచి నల్లబడుతోంది. లిఫ్టు నడిపేవాడు ఒక్కడే, కొయ్య కట్టేదాన్ని నేనొక్కదాన్నే. అది ఐదునిమిషాలకూ తెలుసు.

"తుఫాను పోనివ్వండి. తర్వాత మీ ఇద్దరి సంగతీ చూస్తా," అన్నాడు.

"చూడండి సార్. ఐదు నిమిషాల పని," అన్నాను.

గేటు దగ్గర టీచరుకు కాగితం ఇచ్చాను. తీసుకుంది. చదివి సంచిలో పెట్టుకుంది. ఏమైనా అంటుందేమోనని నిలబడ్డాను. గేటు దాటి వెళ్ళిపోయింది. వచ్చే ఏడు ఆవిడ ఎవర్ని అడుగుతుందో నాకు తెలియదు. అడిగే మొహం నాకూ లేదు.

నాలుగో పడవ బెల్టుల మధ్యకు వచ్చింది. ఎక్కాను. ఎడమ తాడు, కుడి తాడు, రెండూ పడవకే. రెండు ముళ్ళనీ కాలితో తన్ని చూసి, అప్పుడు వెనక తీగ విప్పాను. పావుగంట పట్టింది. మేనేజరు గట్టు మీద గడియారం చూసుకున్నాడు గానీ నోరెత్తలేదు.

"కొయ్య ఎవరిది?"

కోపం ఎక్కడికీ పోలేదు, గొంతులోనే కూచుంది. అన్నయ్య మీటల మీది నుంచి చెయ్యి తీసేసి, నా వైపు చూస్తూ నిలబడ్డాడు. వరసలో పడవలు హారన్లు కొడుతున్నా, గాలి టోపీ ఎగరగొట్టినా కదల్లేదు.

"కొయ్య ఎవరిది?" మళ్ళీ అడిగాడు.

"నాది!" అన్నాను. యార్డు అవతల గేటు దాకా వినపడేలా, తిట్టినట్టే అన్నాను. అప్పుడు గానీ అన్నయ్య మీట నొక్కలేదు.